షేర్డ్ ఫోల్డర్‌లో ఫైల్ పేరు దొరుకుతుంది, లోపలి మాట దొరకదు: ఎందుకు, ఏం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆఫీసు సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్ మీ పీసీలో జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తోంది. అందులో సుమారు లక్ష వర్డ్, ఎక్సెల్, పీడీఎఫ్ ఫైళ్లున్నాయి. ఫైల్ పేరుతో వెతికితే వస్తోంది. లోపల ఉన్న మాటతో వెతికితే ఏమీ లేదంటోంది, లేదా గంటసేపు వెతుకుతూనే ఉంటోంది. అదే ఫైలును మీ డాక్యుమెంట్స్‌లోకి కాపీ చేసుకుంటే కాసేపటికే దొరుకుతోంది. వెతకడానికి విండోస్ రాసి పెట్టుకునే ఇండెక్స్‌ను రెండుసార్లు రీబిల్డ్ చేసినా, అంటే మళ్లీ మొదటినుంచి తయారుచేయించినా, మార్పు లేదు.

మూడోసారి రీబిల్డ్ చేయకండి, దండగ. మీ పీసీలోని ఇండెక్స్‌లో జెడ్ డ్రైవ్ అసలు లేనే లేదు. విండోస్ సెర్చ్ మామూలుగా ఆ పీసీకి ఉన్న డిస్కులనే ఇండెక్స్ చేస్తుంది. ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరిచి మాడిఫై నొక్కి చూడండి, సి, డి డ్రైవ్‌లు కనిపిస్తాయి, జెడ్ కనిపించదు. డ్రైవ్ అక్షరం ఇచ్చినంత మాత్రాన అది మీ డిస్కు అయిపోదు. అది వేరే గదిలో ఉన్న బీరువాకి మీ గదిలో పెట్టుకున్న పేరు, అంతే.

లావుపాటి పుస్తకంలో ఒక మాట ఎక్కడుందో తెలుసుకోవాలంటే రెండు దారులు. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవడం ఒకటి, పుస్తకం చివర ఉన్న పదసూచిక చూడడం రెండోది. ఇండెక్స్ అంటే ఆ పదసూచికే. ఏ మాట ఏయే ఫైళ్లలో ఉందో ముందే రాసి పెట్టుకుంటుంది కాబట్టి మీరు అడిగిన క్షణంలో చెబుతుంది. పదసూచిక లేనిచోట ఎక్స్‌ప్లోరర్ (మీరు ఫోల్డర్లు తెరిచే విండో) ఇంకో పని చేస్తుంది: డిఫాల్ట్‌గా ఫైళ్ల పేర్లు మాత్రం చూసి ఊరుకుంటుంది. మీకు పేర్లు దొరికి మాటలు దొరకకపోవడానికి కారణం ఇదే. లోపల కూడా చూడమనాలంటే ఫోల్డర్ ఆప్షన్స్‌లో సెర్చ్ ట్యాబ్‌కి వెళ్లి, ఎప్పుడూ ఫైల్ పేర్లతోపాటు కంటెంట్స్ కూడా వెతకమనే గడిలో టిక్ పెట్టాలి. అది పెట్టిన దగ్గర్నుంచే మీకు గంటలు పట్టడం మొదలై ఉంటుంది. ఎందుకంటే ఇప్పుడది మొదటి దారి పట్టింది. ప్రతి ఫైలునూ తెరిచి, నెట్‌వర్క్ మీదుగా మీ పీసీకి లాక్కుని, చదివి, మూసేస్తోంది.

రెండు వందల ఫైళ్లున్న చిన్న ఫోల్డర్‌కి ఆ టిక్ చాలు, ఇంకేమీ అక్కర్లేదు. లక్ష ఫైళ్లకి ఎందుకు సరిపోదో కాగితం మీద లెక్కేసి చూద్దాం. ఒక్కో ఫైలు సగటున 1 ఎంబీ అనుకుంటే మొత్తం 100 జీబీ. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, అంటే పావుగంట. వినడానికి బాగానే ఉంది. కానీ అది ఒకే ఒక పెద్ద ఫైలును కాపీ చేసేటప్పటి వేగం. మధ్యలో ఎక్కడో పాత స్విచ్ ఉండి లైన్ 100 మెగాబిట్‌కి పడిపోతే సెకనుకి 11 ఎంబీ, అంటే రెండున్నర గంటలు. ఇంటి నుంచి వీపీఎన్ మీద పని చేస్తుంటే కథ మరీ ఘోరం. ఒక్కో ఫైలుకి తెరవమని ఒకసారి, చదవమని ఒకసారి, మూయమని ఒకసారి, కనీసం మూడుసార్లు సర్వర్‌తో మాట్లాడాలి. వెళ్లి రావడానికి 40 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే ఫైలుకి 120 మిల్లీసెకన్లు. లక్ష ఫైళ్లకి 12,000 సెకన్లు, అంటే 3 గంటల 20 నిమిషాలు. ఇందులో ఒక్క అక్షరం కూడా చదవలేదు, ఇదంతా కేవలం ఎదురుచూపు. దీని మీద మీ పీసీలోని యాంటీవైరస్ వచ్చిన ప్రతి ఫైలునూ మళ్లీ తనిఖీ చేస్తుంది. ఇంకో మాటతో వెతికితే ఇదంతా మొదటికొస్తుంది, ఎందుకంటే నిన్న చదివింది ఎవరూ రాసి పెట్టుకోలేదు.

అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే: ఇండెక్స్ ఆ ఫైళ్లున్న మెషీన్‌లోనే ఉండాలి. ఫలానా టూల్ వేసుకో, రాకెట్‌లా ఉంటుంది అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. టూల్ సంగతి తర్వాత. ముందు మీ షేర్ వెనక ఉన్నది ఏమిటో తెలుసుకోండి. విండోస్ సర్వరా, నాస్ పెట్టెనా (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె), లినక్స్ మీద సాంబానా (లినక్స్ ఫోల్డర్లని విండోస్ పీసీలకి షేర్ చేసే ప్రోగ్రామ్)? మీ సిస్టమ్ అడ్మిన్‌ని అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు.

విండోస్ సర్వర్ అయితే మీ అదృష్టం. సర్వర్‌లో విండోస్ సెర్చ్ సర్వీస్ నడుస్తూ, ఆ షేర్ అయిన ఫోల్డర్ అక్కడి ఇండెక్స్‌లో ఉంటే, మీరు మీ ఎక్స్‌ప్లోరర్‌లో జెడ్ డ్రైవ్ మీద వెతికినప్పుడు ఆ ప్రశ్న సర్వర్ ఇండెక్స్‌కే వెళుతుంది. ఫైళ్లు కదలవు, జవాబు మాత్రం వస్తుంది. విండోస్ 7 నాటి నుంచీ ఈ సౌకర్యం ఉంది. అయినా చాలా ఆఫీసుల్లో దీని గురించి తెలియదు, ఎందుకంటే సర్వర్‌లో ఇది మొదట ఆపేసి ఉంటుంది. 2012 ఆర్2 లాంటి పాత సర్వర్లలో విండోస్ సెర్చ్ సర్వీస్ అనే ఫీచర్‌ని విడిగా జోడించాలి. 2016 నుంచి అది లోపలే ఉన్నా డిజేబుల్ అయి ఉంటుంది, సర్వీసెస్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చేయాలి. ఆ తర్వాత సర్వర్ మీదే ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరిచి, షేర్ చేసిన ఫోల్డర్ ఏ డిస్కులో ఉందో ఆ చోటుని చేర్చాలి. ఇది అడ్మిన్ పని. అడ్మిన్ దగ్గరికి వెళ్లి ‘సెర్చ్ పనిచేయడం లేదండీ’ అంటే ఏమీ జరగదు. ‘సర్వర్‌లో విండోస్ సెర్చ్ సర్వీస్ ఆన్ చేసి ఈ ఫోల్డర్‌ని ఇండెక్స్‌లో పెట్టగలరా’ అని అడగండి.

అడ్మిన్ చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఆయనకి ఈ పేరా చూపించినా ఫర్వాలేదు. ఇండెక్స్ ఫైల్ మామూలుగా సి డ్రైవ్‌లో పెరుగుతుంది. చాలా సందర్భాల్లో అది అసలు ఫైళ్ల సైజులో 10 శాతం లోపే ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెబుతుంది, కానీ చిన్న చిన్న టెక్స్ట్ ఫైళ్లు ఎక్కువగా ఉంటే ఇంకా పెరుగుతుంది. కాబట్టి ముందే దాన్ని వేరే డిస్కుకి మార్చడం మేలు. రెండోది సంఖ్య. 4 లక్షల ఐటెమ్‌లు దాటితే నెమ్మదించడం మొదలవుతుంది, 10 లక్షలు దాటితే ఇండెక్సర్ చేతులెత్తేయవచ్చు. మీ లక్షకి ఇబ్బంది లేదు. మూడోది చాలామందికి తట్టదు: ఆ డిస్కు మీద డేటా డీడూప్లికేషన్ (ఒకేలా ఉన్న ముక్కల్ని ఒక్కసారే దాచి చోటు మిగిల్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, డీడూప్ అయిన ఫైళ్లను విండోస్ సెర్చ్ వదిలేస్తుంది. కొత్త ఫైళ్లు దొరుకుతాయి, కొన్నాళ్ల తర్వాత అవే ఫైళ్లు మాయమవుతాయి. ఈ లక్షణం చూసి ఇండెక్స్ పాడైందనుకుని రోజుల తరబడి తిరిగిన వాళ్లని నేనెరుగుదును, అందులో నేనూ ఒకణ్ణి. మొదటిసారి ఇండెక్సింగ్ పూర్తవడానికి ఒక రాత్రి నుంచి కొన్ని రోజుల దాకా పట్టొచ్చు. శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి సోమవారం చూడమనండి.

నాస్ పెట్టె అయితే ఎక్స్‌ప్లోరర్ మీద ఆశ వదులుకుని, ఆ పెట్టె సొంత సెర్చ్ వాడుకోవాలి. సైనాలజీలో యూనివర్సల్ సెర్చ్, క్యూనాప్‌లో క్యూసర్చ్ ఉన్నాయి. బ్రౌజర్‌లో లాగిన్ అయి వెతకాలి. జనానికి ఇది అలవాటు కావడానికి నెలరోజులు పడుతుంది, ఆ తర్వాత ఎవరూ ఎక్స్‌ప్లోరర్‌లో వెతకరు. నాస్‌లో మెమరీ మరీ తక్కువగా ఉంటే ఇండెక్స్ చేసే సమయంలో మిగతా పనులన్నీ నత్తనడక నడుస్తాయని మాత్రం గుర్తుంచుకోండి. సాంబా సర్వర్ అయితే, మ్యాక్ వాడేవాళ్లకి 4.12 వెర్షన్ నుంచి ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజన్ సాయంతో మ్యాక్ సొంత సెర్చ్ అయిన స్పాట్‌లైట్‌లోనే ఫలితాలు వచ్చేలా చేయవచ్చు. విండోస్ వాడేవాళ్లకి దాంతో ఉపయోగం లేదు. లినక్స్ సర్వర్ మీద నేనైతే రీకాల్ అనే సెర్చ్ ప్రోగ్రామ్ వేస్తాను. ఉచితం, తేలిక, వెబ్ పేజీ రూపంలో అందరికీ ఇవ్వవచ్చు. అపాచీ టీకా, ఎలాస్టిక్‌సెర్చ్, ఎఫ్ఎస్‌క్రాలర్ అనే ప్రోగ్రాములు కలిపి పెద్ద వ్యవస్థ కట్టమని కూడా కొందరు చెబుతారు. కోట్లలో ఫైళ్లుంటే అది సరైన దారే. కానీ దాన్ని రోజూ చూసుకునే మనిషి ఆఫీసులో లేకపోతే ఆరు నెలల్లో మూలన పడుతుంది. లక్ష ఫైళ్ల కోసం అంత హంగామా వద్దు.

ఇక సర్వర్ మీద మీకు ఏ అధికారమూ లేదు, అడ్మిన్ పట్టించుకోడు అనుకుందాం. అప్పుడు సొంత ఇండెక్స్ పెట్టుకునే ప్రోగ్రామ్ మీ పీసీలో వేసుకోవాలి. డాక్‌ఫెచర్, ఎనీటెక్స్ట్ సెర్చర్, డీటీసెర్చ్ లాంటివి నెట్‌వర్క్ ఫోల్డర్‌ని కూడా ఇండెక్స్ చేస్తాయి. డాక్‌ఫెచర్ ఓపెన్ సోర్స్, నేను మొదట దాన్నే చూడమంటాను. ఎవ్రీథింగ్ అనే ప్రోగ్రామ్ పేరు కూడా మీరు విని ఉంటారు. ఫైల్ పేర్ల విషయంలో దానికి సాటి లేదు, కానీ లోపలి మాటల కోసం పుట్టింది కాదు. లోకల్ డిస్కులో దానికి అంత వేగం విండోస్ డిస్కుల్లో ఉండే ఎన్‌టీఎఫ్ఎస్ ఫైల్ పట్టికను నేరుగా చదవడం వల్ల వస్తుంది. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఆ పట్టిక అందదు కాబట్టి అక్కడ అదీ అందరిలాగే ఫోల్డర్లన్నీ తిరగాల్సిందే.

సొంత ఇండెక్స్‌లో అసలు తలనొప్పి తాజాదనం. లోకల్ డిస్కులో ఏ ఫైలు మారినా విండోస్ ఒక చిట్టాలో రాసుకుంటుంది, ఇండెక్సర్ ఆ చిట్టా చూసి మారినవాటినే మళ్లీ చదువుతుంది. నెట్‌వర్క్ అవతల జరిగిన మార్పుల కబురు మీ పీసీకి నమ్మకంగా చేరదు. పీసీ ఆఫ్‌లో ఉన్నప్పుడు జరిగినవి ఎలాగూ చేరవు. కాబట్టి రోజుకోసారి మొత్తం ఫోల్డర్‌ని మళ్లీ చూసొచ్చేలా టైమ్ పెట్టుకోవాలి. రెండోసారి నుంచి తేదీ, సైజు పోల్చి మారినవే చదువుతుంది, కాబట్టి మొదటిసారి అంత సమయం పట్టదు. పొద్దున పెట్టిన ఫైలు మర్నాటి దాకా దొరక్కపోవచ్చు, ఆ ఒప్పందానికి సిద్ధపడాలి. ఇంకొకటి: ఇది ఒకరు చేస్తే సరే, ఇరవైమంది ఎవరికి వారు చేస్తే రోజూ రాత్రి ఇరవై పీసీలు ఆ సర్వర్‌ని మొదటినుంచి చివరిదాకా తవ్వుతాయి. అప్పుడు అడ్మిన్ మిమ్మల్ని పట్టించుకుంటాడు, కానీ మీరు కోరుకున్న విధంగా కాదు.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఎప్పుడూ ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉంచు అని పెట్టుకుంటే సెర్చ్ పనిచేస్తుందని ఇంకో చిట్కా తిరుగుతూ ఉంటుంది. నిజమే, పనిచేస్తుంది. ఆ ఫోల్డర్ నకలు మీ డిస్కులోకి వస్తుంది, నకలు ఇండెక్స్ అవుతుంది. 2 జీబీ ఫోల్డర్‌కి బాగుంటుంది. 100 జీబీకి చేస్తే మీ డిస్కు నిండుతుంది, సింక్ గొడవలు మొదలవుతాయి, ఒకే ఫైలుకి రెండు రూపాలు తయారై ఏది అసలో తేల్చుకోలేక జుట్టు పీక్కోవాలి. షార్ట్‌కట్ లాంటి సింబాలిక్ లింక్ పెట్టి విండోస్ లైబ్రరీని (పలు ఫోల్డర్లని ఒకచోట చూపించేదాన్ని) ఏమార్చే చిట్కా కూడా ఉంది. దాంతో ఫోల్డర్ లైబ్రరీలో కనిపిస్తుంది గానీ ఇండెక్స్ మాత్రం అవదు. దాన్ని వదిలేయండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి పర్మిషన్ల గురించి చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. ఒక ఆఫీసులో అందరికీ ఒకే ఇండెక్స్ ఉంటే బాగుంటుందని ఒక సెర్చ్ ప్రోగ్రామ్ పెట్టి, ఏ ఫోల్డరూ మిస్ కాకూడదని దానికి అడ్మిన్ ఖాతా ఇచ్చాను. మూడో రోజు ఒకమ్మాయి తన పేరు కొట్టి చూసుకుంది. జీతాల షీట్‌లో ఆమె పేరున్న వరుస, పైన కింద ఉన్న వాళ్ల జీతాలతో సహా తెర మీద కనిపించింది. ఆ ఫైలు తెరవబోతే పర్మిషన్ లేదంటుంది. కానీ తెరవాల్సిన అవసరమేముంది, కావలసిన ముక్క ఫలితాల్లోనే ఉంది కదా. విండోస్ సెర్చ్ ఈ విషయంలో జాగ్రత్తగా ఉంటుంది. అడిగేవాళ్లకి ఏ ఫైలు చూసే హక్కు ఉందో చూసి, ఆ ఫలితాలే ఇస్తుంది. విడిగా వేసే ప్రోగ్రాముల్లో ఈ జల్లెడ ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. లేకపోతే ఇండెక్స్ తయారుచేసే ఖాతాకి అందరూ చూడదగ్గ ఫోల్డర్లకే పర్మిషన్ ఇవ్వండి. మీ పీసీలో మీ ఖాతాతోనే చేసుకునే ఇండెక్స్‌కి ఈ బెడద లేదు. కాకపోతే ఆ ఇండెక్స్ ఫైలులో ఆఫీసు కాగితాల సారమంతా ఉంటుంది కాబట్టి దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తిరగకండి.

సరే, సర్వర్‌లో ఇండెక్స్ వచ్చింది. అయినా కొన్ని మాటలు దొరకవు. అప్పుడు ఇండెక్స్‌ని తిట్టుకోకుండా ఆ ఒక్క ఫైలుని పట్టుకోండి. పీడీఎఫ్ అయితే తెరిచి, మౌస్‌తో ఒక మాటను సెలెక్ట్ చేయబోండి. సెలెక్ట్ కాకుండా పేజీ మొత్తం బొమ్మలా పట్టుబడితే అది స్కాన్ చేసిన కాగితం. అందులో మనకి కనిపించేవి అక్షరాలు, కంప్యూటర్‌కి అవి చుక్కలు. ఏ ఇండెక్స్ వల్లా కాదు, ముందు ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలని గుర్తుపట్టి టెక్స్ట్‌గా మార్చాలి. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఉచిత ప్రోగ్రామ్ పీడీఎఫ్ రూపం చెడకుండా దాని వెనక కనిపించని అక్షరాల పొర చేరుస్తుంది. దాని లోపల పనిచేసేది టెసరాక్ట్, 2005లో ఓపెన్ సోర్స్ అయిన ఓసీఆర్. దానికి తెలుగు కూడా వచ్చు, తెలుగు డేటా ఫైలు విడిగా వేయాలి. స్కాన్ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉంటే అచ్చు కాగితాలు బాగానే చదువుతుంది, చేతిరాత మీద ఆశ పెట్టుకోకండి. ఒరిజినల్ ఫైళ్ల మీద నేరుగా నడపకుండా కాపీల మీద నడిపి, సరిచూసుకుని మార్చండి. నా అనుభవంలో ‘సెర్చ్ పనిచేయడం లేదు’ అని వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చివరికి స్కాన్ పీడీఎఫ్‌ల దగ్గరే తేలాయి.

ఫైలు రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. విండోస్ ప్రతి రకం ఫైలు నుంచి అక్షరాలు బయటికి తీయడానికి ఐఫిల్టర్ అనే ముక్క వాడుతుంది. పీడీఎఫ్‌కి అది విండోస్ 8 నుంచి లోపలే ఉంది, అంతకుముందు విడిగా వేసుకోవాల్సి వచ్చేది. మీ ఆఫీసులో ఏదైనా ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ ఫైళ్లుంటే వాటికి ఐఫిల్టర్ ఉందో లేదో చూడాలి. ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి ఫైల్ టైప్స్ చూస్తే, ఒక్కో రకానికి ప్రాపర్టీస్ మాత్రమేనా, కంటెంట్స్ కూడానా అని కనిపిస్తుంది. ప్రాపర్టీస్ మాత్రమే అని ఉంటే లోపలి మాట ఎప్పటికీ దొరకదు. పాస్‌వర్డ్ పెట్టిన ఫైళ్ల లోపలి మాటలు ఇండెక్స్‌లోకి రావు, అది న్యాయమే. ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఫోల్డర్ అంటూ దారి మొత్తం 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు చప్పుడు చేయకుండా ఆ ఫైలుని దాటేస్తాయి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ అసలైనది’ అని ఫోల్డర్లు పేర్చే అలవాటున్న ఆఫీసుల్లో ఇది మీరనుకునేంత అరుదు కాదు.

కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లు ఫైండ్‌స్టర్ లేదా గ్రెప్ అనే వెతికే కమాండ్ కొట్టి, వర్డ్ ఫైళ్లలో ఏమీ రాలేదంటారు. రాదు మరి. 2007 నుంచి వస్తున్న డాక్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ సంచి. లోపల ఎక్స్ఎంఎల్ ఫైళ్లు కుక్కి ఉంటాయి, బయటి నుంచి చూస్తే మాట కనిపించదు. జిప్ విప్పి వెతికినా పూర్తి నమ్మకం లేదు, ఎందుకంటే మధ్యలో దిద్దుబాటు చేసిన చోట వర్డ్ ఒకే మాటని రెండు మూడు ముక్కలుగా రాసి మధ్యలో ట్యాగులు పెడుతుంది. రిప్‌గ్రెప్-ఆల్ అనే ప్రోగ్రామ్ ఈ సంచులన్నీ విప్పి, పీడీఎఫ్‌లనీ చదివి వెతుకుతుంది. మౌస్‌తో చేయాలంటే ఏజెంట్ ర్యాన్‌సాక్ ఉంది. సంవత్సరానికి ఒకటి రెండుసార్లే వెతికే పాత ఫోల్డర్ల కోసం ఇండెక్స్ పెట్టడం కంటే ఇవే నయం. కాకపోతే వీటిని మీ పీసీ నుంచి నెట్‌వర్క్ మీదుగా నడపకండి. అడ్మిన్‌ని అడిగి సర్వర్ మీదే నడిపించండి, అదీ ఆఫీసు వేళ అయ్యాక. పైన వేసిన లెక్కలో నెట్‌వర్క్ ఎదురుచూపంతా ఆ దెబ్బతో పోతుంది. షేర్ మీద క్లౌడ్‌కి తరలించిన పాత ఫైళ్లు ఉంటే మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. తెరిచి చదవబోయిన ప్రతిదీ క్లౌడ్ నుంచి మళ్లీ దిగుమతి అవుతుంది, డిస్కు నిండిపోతుంది.

తెలుగు ఫైళ్ల సంగతి వేరే. మీ ఫైళ్లలో తెలుగువి కూడా ఉన్నాయన్నారు కాబట్టి ఇది మీకు తప్పదు. పాత తెలుగు ఫైళ్లు చాలావరకు ‘అను’ లాంటి ఫాంట్లలో టైప్ చేసినవి. తెర మీద ‘ఒప్పందం’ అని కనిపిస్తుంది, ఫైలులో నిజంగా ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంట్ లేని పీసీలో తెరిస్తే పిచ్చి గీతలు కనబడేది అందుకే. మీరు యూనికోడ్‌లో (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే ఇప్పటి పద్ధతిలో) ఒప్పందం అని కొడితే దానికీ దీనికీ పొంతనే లేదు. అలాంటి ఫైళ్లని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, మార్చిన నకలుని పక్కన పెట్టడమే దారి. అన్నీ మార్చనక్కర్లేదు, తరచుగా వెతికే ఫోల్డర్‌తో మొదలుపెట్టండి.

తెలుగు పీడీఎఫ్‌లకి ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. వాక్యం సరిగ్గా వస్తే ఇండెక్స్‌కి కూడా సరిగ్గానే కనిపిస్తోందన్నమాట. ఒత్తులు చెదిరిపోయి, గుణింతాలు తారుమారై వస్తే, పీడీఎఫ్‌లో అక్షరాల ఆకారాలున్నాయి గానీ అవి ఏ అక్షరాలో చెప్పే పట్టిక లేదు, లేదా తప్పుగా ఉంది. చూడ్డానికి ముత్యాల్లాంటి అక్షరాలే అయినా దాన్ని స్కాన్ కాగితం కిందే లెక్కేసి ఓసీఆర్ చేయాల్సి ఉంటుంది.

యూనికోడ్‌లోనే ఉన్నా కొన్ని కంటికి కనపడని తేడాలు ఏడిపిస్తాయి. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట్ తర్వాత వ ఒత్తుగా మారకుండా ఉండాలంటే మధ్యలో కనపడని ఒక గుర్తు పెట్టాలి. కొన్ని కీబోర్డులు అది పెడతాయి, కొన్ని పెట్టవు. పెట్టిన మాట, పెట్టని మాట కంప్యూటర్‌కి రెండు వేర్వేరు మాటలు. రెండు రకాలుగానూ కొట్టి చూడండి, లేదా ‘సాఫ్ట్’ వరకే కొట్టండి. సున్న విషయంలో ఇంకో మోసం ఉంది. కొందరు అనుస్వారం బదులు తెలుగు అంకె సున్నా కొడతారు. రెండూ ఒకేలా గుండ్రంగా ఉంటాయి, కోడ్‌లు వేరు. ఐత్వం కూడా కొన్నిసార్లు ఒకే గుర్తుగా కాకుండా రెండు ముక్కలుగా ఫైలులోకి చేరుతుంది, ముఖ్యంగా పీడీఎఫ్ నుంచి తీసిన టెక్స్ట్‌లో.

ఇక మన భాష స్వభావం. ఇంగ్లీషులో ఒక మాటకి చివర ఒక అక్షరం చేరితే గొప్ప. మనకి ఒప్పందం అనే మాట ఒప్పందంలో, ఒప్పందానికి, ఒప్పందాల, ఒప్పందపు అని రకరకాలుగా వస్తుంది. పూర్తి మాట కొడితే అదే రూపం ఉన్న ఫైళ్లే వస్తాయి. అన్ని రూపాల్లోనూ మారకుండా ఉండే మొదటి భాగం వరకు కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టండి. ఇక్కడ ‘ఒప్పంద’ దాకా. భూమి, భూమిని, భూముల కోసమైతే ‘భూమ’ దాకా. చూడ్డానికి సగం తెగిన మాటలా ఉంటుంది గానీ, గుణింతాలు విడి కోడ్‌లుగా హల్లు తర్వాత వస్తాయి కాబట్టి ఇది అన్నింటినీ పట్టుకుంటుంది. మాట మధ్య భాగం మాత్రం కొట్టి ఆశించకండి. ఇండెక్స్‌లు మాట మొదటి నుంచే చూస్తాయి, ‘రాజీఒప్పందం’ అని కలిపి టైప్ చేసిన చోట ‘ఒప్పంద’ అని కొడితే రాదు.

ఏ దారి ఎంచుకున్నా మొదటిరోజే ఒక పరీక్ష పెట్టండి. ఎక్కడా ఉండే అవకాశం లేని ఒక మాట కల్పించండి, ‘గుజ్జురుపిల్లం’ లాంటిది ఏదైనా సరే. దాన్ని ఒక వర్డ్ ఫైలులో, ఒక ఎక్సెల్ గడిలో, వర్డ్ నుంచి సేవ్ చేసిన పీడీఎఫ్‌లో, ప్రింట్ తీసి స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో రాసి, నాలుగింటినీ షేర్‌లో నాలుగు వేర్వేరు ఫోల్డర్లలో పెట్టండి. అందులో ఒకటి బాగా లోతుగా, పొడుగు పేర్ల కింద ఉండాలి. మర్నాడు ఆ మాటతో వెతకండి. ఒక్కటీ రాకపోతే మీ ప్రశ్న ఇండెక్స్‌కి చేరడమే లేదు, సర్వర్ దగ్గరికి వెళ్లండి. వర్డ్, ఎక్సెల్ వచ్చి రెండు పీడీఎఫ్‌లూ రాకపోతే ఐఫిల్టర్ చూడండి. స్కాన్ ఒక్కటే రాకపోతే ఓసీఆర్. లోతుగా ఉన్నది రాకపోతే దారి పొడుగు. నాలుగూ వచ్చాక ఆ నాలుగు ఫైళ్లనీ చెరిపేయకండి, ఆరు నెలల తర్వాత ఎవరైనా ‘మళ్లీ సెర్చ్ పోయింది’ అంటే ముందు వాటితోనే వెతికి చూడొచ్చు.